ఆఫా కట్ట కోటగోడా, పొలిమేర గట్టా?

కందకం: ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దులో ఆఫా పేరున ఉన్న మట్టికట్ట గురించి అడుగుతున్నాను. ఆఫా 757 నుంచి 796 దాకా ఇంగ్లండ్ నడిమి భాగంలోని మెర్సియా రాజ్యాన్ని ఏలిన రాజు. సముద్రం నుంచి సముద్రం దాకా కట్టించాడని అసర్ అనే మఠవాసి 893లో రాశాడు. నా లెక్కలో అది పొలిమేర గట్టే. వెంబడి ఆ కాలపు బురుజుల్లేవు, కాపలావాళ్లు ఉన్న ఆనవాళ్లూ లేవు. అంత పొడవునా మనుషుల్ని నిలబెట్టడం అయ్యే పనేనా?

ఓరుగల్లువాసి: పొలిమేరకైతే నాలుగు రాళ్లు పాతితే చాలు కదా అన్నా. కందకం ఎటు తవ్వారో చూడండి. పడమర, అంటే వేల్స్ వైపు. ఆ మట్టి తూర్పున పోశారు. మా ఓరుగల్లు మట్టికోట ఎక్కేటప్పుడు చేతులు కూడా ఆనించి పాకేవాళ్లం. వానాకాలంలో అయితే అదీ కుదరదు, కాలు నిలవదు. ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టి గోడ అని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాసింది దాని గురించే.

కందకం: ఆ గోడ వెనక సైన్యం ఉంది. అయినా 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ మనుషులు దాన్ని దాటనే దాటారు. ఇక కాపలా లేని కట్ట ఎవర్ని ఆపుతుంది?

మందకాపరి: మీరిద్దరూ సైన్యాలే చూస్తున్నారు. ఆ రోజుల్లో ఆస్తి అంటే పశువులు. మాది పాడి ఉన్న ఇల్లు. చిన్న పిల్లకాలవ దాటించాలన్నా ఆవు మొండికేస్తుంది, ఒకటి ఆగితే వెనక మందంతా ఆగిపోతుంది. మెర్సియాలో మందను కొట్టేసి రాత్రికి రాత్రి పడమరకు తోలుకుపోయేవాడి సంగతి ఆలోచించండి. ముందు గట్టు ఎక్కించాలి, ఆ వెంటనే నిలువు కందకంలోకి దించాలి. ఈలోగా ఊళ్లోవాళ్లు వెంటపడి వచ్చేస్తారు. దానికి కట్ట మీద కాపలా ఎందుకు?

కందకం: ఈ కోణం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. పురావస్తు పరిశోధకులు డేవిడ్ హిల్, మార్గరెట్ వర్తింగ్టన్ ఏళ్ల తరబడి తవ్వి చూసి, ఆఫా కట్ట అని చెప్పదగ్గది సుమారు 103 కిలోమీటర్లేనన్నారు. అదీ వేల్స్ వైపున్న పోవిస్ రాజ్యానికి ఎదురుగానే. అంటే గొడవ ఉన్నచోటే కట్టారన్న మాట మీకే బలం. కానీ వాళ్లకు కట్టలో అప్పటి ద్వారం ఒక్కటీ దొరకలేదు. సంతకు వెళ్లేవాళ్లు, చుట్టాలింటికి వెళ్లేవాళ్లు ఎటునుంచి దాటారు? అసలు ఎవర్నీ దాటనివ్వకూడదనే కట్టారా? దీని మీద చెప్పగలిగినవాళ్లు రాయండి.