వీల్‌చైర్‌లో వచ్చే క్లాస్‌మేట్‌ని ఆటలో ఎలా కలుపుకోవాలి?

మాది బెంగళూరు, మారతహళ్లి. మా అమ్మాయి ఏడో తరగతి. ఈ ఏడాది వాళ్ల క్లాసులో వీల్‌చైర్‌లో వచ్చే అబ్బాయి చేరాడు. టీచరు అభిప్రాయం రాయమంటే పిల్లలంతా "అందరం సమానమే" అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చారట. పీటీ పీరియడ్ రాగానే మాత్రం స్కోరు పుస్తకం అతని ఒళ్లో పెట్టి గ్రౌండ్‌లోకి పరుగు! అదేంటే అంటే, "వాడికి దెబ్బ తగిలితే మమ్మల్నే తిడతారమ్మా" అంది. ఇష్టం లేక కాదు, భయం. ఆ భయం పెట్టింది మన పెద్దవాళ్లమేనేమో.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో చదువుతో పాటు ఆటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలని ఉంది. స్కూల్లో అడిగితే "చూద్దాం మేడమ్" అన్నారు. చట్టం పట్టుకుని గొడవకి దిగాలని నాకు లేదు.

మీ పిల్లల స్కూళ్లలో ఇలాంటప్పుడు ఏ ఆటలు ఆడించారు? పారాలింపిక్స్‌లో ఉండే బోచా (ఒక తెల్ల బంతికి వీలైనంత దగ్గరగా మిగతా బంతులు వేసే ఆట) కూర్చునే ఆడొచ్చు కదా, ఆ బంతులు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? ఇంకో సందేహం: ముందు వాళ్లమ్మతో మాట్లాడాలా, లేక ఏం ఆడాలనుందో ఆ అబ్బాయినే అడగమని మా అమ్మాయికి చెప్పాలా?