అప్‌డేట్: విట్నీ మిల్‌టాంక్‌ను ఓడించినాం

పోకెమాన్ గోల్డ్ వీడియో గేమ్‌లో గోల్డెన్‌రాడ్ ఊరి జిమ్ (పోకెమాన్ అనే జీవులతో పోటీ జరిగే చోటు) దాటలేకున్నాం, అక్కడి లీడర్ విట్నీ దగ్గరుండే ఆవులాంటి పోకెమాన్ మిల్‌టాంక్‌ను ఎట్లా కొట్టాలని పోయిన వారం అడిగినాను కదా. నిన్న రాత్రి కడపలో మా మిద్దె మీద నేనూ మా తమ్ముడూ గెలిచినాం! మేం ఆడే చేతి గేమ్ మిషన్ గేమ్‌బాయ్ కలర్ తెరకు వెలుగుండదు కాబట్టి బల్బు కిందే కూర్చున్నాం.

లెవెల్ పెంచితే చాలనుకోవడం మా తప్పు. మిల్‌టాంక్ బలమంతా రోలౌట్ అనే దొర్లి కొట్టే దాడిలో ఉంది. వరసగా తగిలేకొద్దీ శక్తి రెట్టింపవుతుంది: 30తో మొదలై ఐదోసారికి 480. అది ఆడది కాబట్టి అట్రాక్ట్ అనే ఎత్తుతో మగ పోకెమాన్‌ను కట్టేస్తుంది, మిల్క్ డ్రింక్‌తో సగం ప్రాణం తెచ్చుకుంటుంది. మా పోకెమాన్ క్విలావా మగది, ప్రతిసారీ అక్కడే పడిపోయేది.

మీలో ఒకన్న చెప్పినట్టు జియోడ్యూడ్ అనే రాతి పోకెమాన్‌లో ఆడదాన్ని పట్టినాం. అట్రాక్ట్ దానికి పట్టదు, రోలౌట్ సగమే తగులుతుంది. గేమ్‌లోని డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో డ్రౌజీ అనే పోకెమాన్‌ను ఇచ్చి, కొట్లాట పోకెమాన్ మాచాప్‌ను తీసుకున్నాం. జియోడ్యూడ్ ఓర్చుకునింది, మాచాప్ ముగించింది.

ఓడినాక విట్నీ ఏడుస్తా, గెలిచినోళ్ళకిచ్చే బ్యాడ్జ్ ఇయ్యలేదు, మావాడు బెదిరిపోయినాడు. కాస్త పక్కకు పోయి మళ్ళీ మాట్లాడితే ఇచ్చింది. వెంటనే సేవ్ చేసినాం. ఆ అన్నకు చానా థ్యాంక్స్.