కొన్న లేసు ప్యాటర్న్ క్లాసులో అందరికీ పంచొచ్చా?

దారం ఉండ, కర్నూలు:
అందరికీ నమస్తే. మా ఇంట్లో మధ్యాహ్నం పూట 12 మందికి క్రోషియా నేర్పిస్తాను. నెలకు 400 ఫీజు. టీపాయ్ మీద వేసే గుండ్రటి లేసు, అదే డోయిలీ, దాన్ని ఎలా అల్లాలో చెప్పే పీడీఎఫ్ ప్యాటర్న్ ఒకటి విదేశీ డిజైనర్ దగ్గర 500 పెట్టి కొన్నాను. 12 జిరాక్సులు తీయించి క్లాసులో ఇచ్చాను, తర్వాత వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను. ఒకమ్మాయి అందరి ముందే "ఇది దొంగతనం కదక్కా" అనేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బిచ్చి కొన్నదే కదా? చివరి పేజీలో చిన్న అక్షరాలతో "పంచరాదు" అని ఉన్నమాట నిజమే. అప్పుడు చూసుకోలేదు.

పాతూరు కోడలు, అనంతపురం:
ఏం దొంగతనమక్కా! మా అత్త టీవీ మీద వేసిన లేసు చూసి పక్కింటామె అల్లింది, ఆమెది చూసి వాళ్ల చెల్లెలు అల్లింది. సంక్రాంతికి ఎదురింటి ముగ్గు నచ్చితే ఫోన్‌లో ఫోటో తీసుకుని మర్నాడు మన వాకిట్లో వేస్తాం. ముగ్గు ఎవరి సొత్తు అని ఎవరన్నా అడిగారా?

నల్లకోటు, కడప:
ముగ్గు మాట బాగుంది కానీ సగమే చెప్పారు. చూసి వేసుకోవడం వేరు, ముగ్గుల పుస్తకం జిరాక్స్ తీసి పంచడం వేరు. చైను, ట్రెబుల్ లాంటి కుట్లు, పైనాపిల్ ఆకారం ఎవరి సొత్తూ కాదు. ఆ డిజైనర్ రాసిన వాక్యాలు, గీసిన చార్టు, తీసిన ఫోటో మాత్రం ఆమెవే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించకపోయినా హక్కు ఉంటుంది. ఆమె బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. సొంతానికి ప్రింటు తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు.

పాతూరు కోడలు:
మరి ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసో? 2016లో పెద్ద పెద్ద విదేశీ పబ్లిషర్లే ఓడిపోయారు. చదువు చెప్పడానికి కాపీ తీయొచ్చని హైకోర్టే అంది.

నల్లకోటు:
అంది. 52వ సెక్షన్‌లో టీచరుకు ఆ వెసులుబాటు ఉంది. ఇంట్లో ఫీజు తీసుకుని చెప్పే క్లాసుకు అది వర్తిస్తుందని వాదించొచ్చు, గెలుస్తానని మాత్రం హామీ ఇవ్వను. అయినా అసలు ఇబ్బంది జిరాక్సులతో కాదు, వాట్సాప్‌తో. క్లాసు మానేసినవాళ్లు కూడా ఆ గ్రూపులోనే ఉంటారు కదా? అక్కడి నుంచి ఆ పీడీఎఫ్ ఎక్కడెక్కడికి పోయిందో ఎవరికి తెలుసు.

వంకర సూది, నంద్యాల:
నేను మూడు ప్యాటర్న్‌లు రాసి అమ్మినదాన్ని, కాబట్టి నాకు కోపం వస్తుంది, ముందే చెప్తున్నా. ట్రెబుల్‌తో చదునైన గుండ్రం రావాలంటే వరసకు సుమారు 12 కుట్లు పెంచుకుంటూ పోవాలి. తక్కువైతే గిన్నెలా లేస్తుంది, ఎక్కువైతే వేయించిన అప్పడంలా అంచు అలలు తిరుగుతుంది. ఈ లెక్క అందరిదీ. కానీ మధ్యలో ఆకులు, సందులు, జాలీ పెట్టి 30 వరసల దాకా ఆ లెక్క తప్పకుండా చూడటానికి నేను ఒక్కో డిజైన్‌ని నాలుగైదు సార్లు విప్పి అల్లాను. వేరే ముగ్గురికిచ్చి అల్లించి తప్పులు దిద్దాను. చివరికి నా పీడీఎఫ్ ఒక టెలిగ్రామ్ చానెల్లో కనిపించింది. నా పేరున్న మూల కత్తిరించి మరీ పెట్టారు! 150 రూపాయల ప్యాటర్న్ అది. ఒక ప్లేటు బిర్యానీ అంత.

పాతూరు కోడలు:
అయ్యో, పేరు కత్తిరించడం మాత్రం అన్యాయమే. కానీ వదినా, 500 అంటే మా ఊళ్లో కొందరికి వారం కూరగాయలు. వాళ్లు నేర్చుకోకూడదా?

వంకర సూది:
నేర్చుకోవాలి, ఉచితంగానే. తెరేజ్ ద డిల్మాంట్ అనే ఆవిడ 1886లో రాసిన కుట్లు-అల్లికల విజ్ఞాన సర్వస్వం ఉంది. ఆవిడ 1890లోనే పోయింది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల సైటులో దొరుకుతుంది, 12 కాదు 1200 జిరాక్సులు తీయించుకోండి. యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీ అనే సైటులో పాత లేసు పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. 1929, అంతకు ముందు అచ్చయినవాటికి అమెరికాలో కాపీరైట్ అయిపోయింది. ర్యావెల్రీ అనే అల్లికల సైటులో ఉచితం అని ఎంచుకుంటే డోయిలీలే బోలెడు. అయితే అక్కడ ఉచితమంటే చూసి అల్లుకోవడానికి. పంపాలంటే లింకు పంపండి, ఫైలు కాదు. పింటరెస్ట్‌లో పేరు లేని చార్టు దొరికితే ఆ బొమ్మనే గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి, చాలాసార్లు గీసినామె బయటపడుతుంది.

దారం ఉండ:
అల్లినవి అమ్మితే? మావాళ్లు ఇద్దరు వైశాఖంలో పెళ్లిళ్లకు ఆర్డర్లు తీసుకున్నారు.

నల్లకోటు:
అక్కడ నేను మీవైపే. ప్యాటర్న్ మీద హక్కు ఉంది కదా అని అల్లిన ప్రతి గుడ్డ మీదా హక్కు రాదు. రిజిస్టర్ చేయించుకోగలిగి కూడా చేయించని డిజైన్‌ను దాని హక్కుదారు గానీ, ఆ అనుమతితో వేరొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారుచేస్తే కాపీరైట్ పోతుందని 15వ సెక్షన్ అంటుంది. చేత్తో అల్లేది పారిశ్రామిక పద్ధతా అని మళ్లీ మాకు పని! పది పీసులు అమ్ముకునే వాళ్లకు టెన్షన్ వద్దు. డిజైన్ ఆమెదని పేరు వేస్తే మర్యాద. నర్సాపురం లేసు అని మాత్రం రాయకండి. మన ధర్మవరం పట్టుచీరలకు ఉన్నట్టే దానికీ జీఐ, అంటే ఆ ప్రాంతం సరుకుకే ఆ పేరు అనే గుర్తింపు, ఉంది.

దారం ఉండ:
రెండు రోజుల తర్వాత వచ్చాను. గ్రూపులోంచి పీడీఎఫ్ తీసేశాను, ఈసరికి ఎంతమంది దించుకున్నారో మరి. ఆ డిజైనర్‌కు జరిగింది దాచకుండా రాశాను. చార్టు బోర్డు మీద గీసి నేర్పుకోమంది, ఫైలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దంది. తిడుతుందనుకున్నా, పైగా మా లేసు ఫోటో పంపమంది. క్లాసులో దొంగతనమన్న అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను, "పోనీలే అక్కా" అంది.

పాతూరు కోడలు:
నేనైతే ఇప్పటికీ జిరాక్స్ తప్పనను. సరే, ఆ 1886 పుస్తకం దించాను. అందులో ట్రెబుల్ అంటే యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు చెప్పే ట్రెబులేనా? నాది జల్లెడలా వస్తోంది.

వంకర సూది:
కాదు వదినా! అది ఇంగ్లండు లెక్క. వాళ్ల ట్రెబుల్ అమెరికా వాళ్లకు డబుల్. విప్పండి.