2027 సంపూర్ణ సూర్యగ్రహణం: లక్సర్‌కు వెళ్లాలా, దక్షిణ స్పెయిన్‌కు వెళ్లాలా?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. 2027 ఆగస్టు 2న ఏర్పడే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మా అమ్మగారికి చూపించాలని నా కోరిక. ఆవిడకు డెబ్బై ఏళ్లు దాటాయి. నడవగలరు కానీ ఎండకు తాళలేరు. ఈజిప్టులోని లక్సర్‌లో గ్రహణం ఎక్కువసేపు ఉంటుందని అందరూ అటే మొగ్గు చూపుతున్నారు. అంత దూరం వెళ్లకుండా కైరోలోనే ఉండి చూస్తే సరిపోతుందా, లేక స్పెయిన్ మేలా అన్నది దయచేసి తెలుపగలరు.

సమాధానం:
కైరో ఆలోచన మానుకోండి. చంద్రుని పూర్ణచ్ఛాయ సాగే దారికి ఆ నగరం వెలుపల ఉంది కాబట్టి అక్కడ పాక్షిక గ్రహణమే కనిపిస్తుంది. సూర్యబింబం నూటికి తొంభై తొమ్మిది వంతులు మూసుకుపోయినా, మిగిలిన ఆ ఒక్క వంతు వెలుగు కరోనా (సూర్యుని చుట్టూ ఉండే పలుచని వాయుపొర) కాంతి కంటే వేల రెట్లు ఎక్కువ కావడం వల్ల, మనం ఇంత దూరం వెళ్లి చూడదలచుకున్న ఆ వెండి వెలుగుల వలయం కంటికి ఆనదు. స్పెయిన్‌లో సెవిల్ నగరానికీ ఇదే చిక్కు. కొద్ది దూరంలో అది ఆ దారికి వెలుపల ఉండిపోతోంది.

లక్సర్‌లో సంపూర్ణ దశ దాదాపు 6 నిమిషాల 20 సెకన్లు ఉంటుంది, ఆకాశంలో మబ్బు కనిపించే అవకాశం బహు తక్కువ. అయితే అది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉండగా జరుగుతుంది. ఆగస్టులో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పాక్షిక దశ గంటకు పైగా సాగుతుంది కనుక, నీడలో చాప పరచుకుని, చివరి పది నిమిషాలకు మాత్రమే బయటికి వచ్చి వెల్లకిలా పడుకుని చూడగలిగితేనే అమ్మగారికి ఆ ప్రయాణం తగును.

స్పెయిన్ దక్షిణ తీరంలో సంపూర్ణ దశ ఉదయం పదిన్నర దాటాక, పదకొండు లోపే వస్తుంది. ఎండ తీవ్రత తక్కువ, సూర్యుడు సౌకర్యమైన ఎత్తులో ఉంటాడు. కాడిజ్‌లో మూడు నిమిషాలకు కాస్త తక్కువ, మలగాలో రెండు నిమిషాల లోపు, జిబ్రాల్టర్ జలసంధి ఒడ్డున ఉన్న తరీఫాలో నాలుగున్నర నిమిషాలకు పైగా లభిస్తుంది. జలసంధి మీదుగా వీచే తూర్పు గాలి ఒక్కొక్కసారి మబ్బును తెస్తుంది కాబట్టి, ముందురోజు వాతావరణ సూచన చూసి తీరం వెంబడి కదలడానికి వీలుగా కాడిజ్ పరిసరాల్లో బస చేయడం మంచిది. అమ్మగారి దృష్ట్యా నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

ప్రశ్న:
చాలా కృతజ్ఞతలు. బస, వీసా ఎప్పుడు చూసుకోవాలి? కళ్లద్దాల సంగతి కూడా చెప్పండి.

సమాధానం:
రద్దు చేసుకునే వీలున్న గదిని వీలైనంత ముందుగా పట్టుకోండి. షెంగెన్ వీసా (స్పెయిన్‌తో సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే వీసా) అవసరమైనవారు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. గ్రహణం ముగిసిన వెంటనే రోడ్లు కిక్కిరిసిపోతాయి, అందువల్ల తిరుగు విమానం మర్నాటికి పెట్టుకోండి.

కళ్లద్దాలు సూర్యుణ్ని నేరుగా చూసే అద్దాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 12312-2కు చెందినవై ఉండాలి. పెట్టుకుని చూస్తే సూర్యుడు తప్ప ఇంట్లోని మామూలు దీపాలు కనిపించకూడదు. కనిపిస్తే అవి పనికిరావు. సూర్యబింబం పూర్తిగా కనుమరుగైన ఆ కొద్ది నిమిషాలు మాత్రమే వాటిని తీయాలి, అంచున వజ్రపుటుంగరంలా వెలుగు తిరిగి మెరిసిన క్షణమే మళ్లీ పెట్టుకోవాలి. ఫోటోల కోసం తంటాలు పడితే అమ్మగారి పక్కన నిలబడి చూడడానికి సమయం మిగలదు కనుక, ఫోనును స్టాండు మీద పెట్టి వీడియో నడిపించి వదిలేయండి.