నోలన్ ర్యాన్ రూకీ కార్డు అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

డాలస్‌లో ఉంటాను. పాత బేస్‌బాల్ కార్డులు సేకరించేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. ఒకాయన టాప్స్ అనే కార్డుల కంపెనీ 1968లో వేసిన సెట్‌లోని 177వ నంబరు కార్డు అమ్ముతానంటున్నారు. బేస్‌బాల్ పిచర్లు నోలన్ ర్యాన్, జెర్రీ కూస్‌మన్ ఇద్దరి ఫొటోలూ ఉన్న న్యూయార్క్ మెట్స్ జట్టు కార్డు అది. ర్యాన్ రూకీ కార్డు, అంటే ఆటలో కొత్తగా అడుగుపెట్టినప్పటి కార్డు, ఇదే. గ్రేడింగ్ (కార్డు అసలుదేనా, ఎంత బాగుంది అని నిపుణులతో తేల్పించడం) చేయించలేదు. గోనెగుడ్డలాంటి ఆ అంచు బాగానే ఉంది, మూలలు అరిగాయి. పాత కార్డన్నాక అరుగుతుంది, దాంతో నాకు పేచీ లేదు. కానీ వెనకవైపు మరీ నిగనిగలాడుతోంది. భూతద్దంతో చూస్తే పేర్ల నల్లటి అక్షరాల్లో కూడా చుక్కలు కనిపిస్తున్నాయి. దీనికి రీప్రింట్లు (తర్వాత మళ్లీ అచ్చేసిన కాపీలు) ఉన్నాయి కాబట్టే టెన్షన్. అసలు కార్డులో అక్షరాలు నిండు సిరాతో ఉండాలి కదా? డబ్బు ఇచ్చేలోపు గ్రేడింగ్ చేసే సంస్థ పీఎస్ఏకి పంపమని అడగొచ్చా? ఆ ఖర్చు మామూలుగా ఎవరు పెట్టుకుంటారు? ర్యాన్ అంటే ప్రాణం, వదులుకోవాలని లేదు.