ఇంజిన్ ‘తప్పు’ అన్నంత మాత్రాన ఆ బలి గొప్పది కాకుండా పోతుందా?

వేళచ్చేరి నాన్న:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా మనసులో నలుగుతున్న సంగతి ఇక్కడ పెడుతున్నాను. నాకు చదరంగం నేర్పింది మా నాన్న, నెల్లూరులో, అట్ట బోర్డు మీద. ఆయన చూపించిన మొదటి గొప్ప ఆట 1851లో లండన్‌లో ఆండర్సన్, కీసెరిట్స్కీ మీద ఆడింది, 23 ఎత్తులు, ‘అమర’ ఆట అని దానికి పేరు. ఒక బిషప్, రెండు ఏనుగులు, ఆఖరికి మంత్రిని కూడా కావాలనే బలి ఇచ్చేసి, మిగిలిన బిషప్, రెండు గుర్రాలతో ఆట కట్టేశాడు. మంత్రిని ఎదుటివాడి చేతిలో పెట్టే ఎత్తు దగ్గర నాన్న కాసేపు ఆగి నా మొహంలోకి చూసేవాడు. అది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

మొన్న ఆదివారం అదే ఆట మా పదకొండేళ్ల వాడికి చూపిస్తుంటే వాడు ఫోన్‌లో ఇంజిన్, అదే ఎత్తుల్ని లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్, పెట్టాడు. 18వ ఎత్తులో ఆండర్సన్ బిషప్‌ని డి6 గడిలో పెట్టి ఏనుగుల్ని వదిలేస్తాడు కదా, అక్కడ ఎవరిది పైచేయో చూపించే తెల్ల గీత జర్రున కిందికి దిగిపోయింది. ‘‘నాన్నా, ఇది తప్పు ఎత్తు, గెలిచే ఆట పాడు చేసుకున్నాడు, దీన్ని గొప్ప ఆట అంటారేంటి’’ అన్నాడు. వాళ్ల క్లాసులో కూడా ఇలాంటివి వట్టి పాత కథలని చెప్పారట. మీరేమంటారు? నా మట్టుకు నాకు అది గొప్ప ఆటే, ఇంజిన్ వంద చెప్పినా సరే.

తాంబరం బంటు:

మీ బాబు చెప్పిందాంట్లో తప్పేముందండీ? ఇంజిన్ దాకా ఎందుకు, 1879లోనే ఆ కాలపు గొప్ప ఆటగాడు స్టైనిట్జ్ చూపించాడు, నల్ల పావులవాళ్లు ముందు ఏ1 ఏనుగును చెక్‌తో కొట్టేసి, వెంటనే మంత్రిని బి2కి తెచ్చి ఉంటే తెల్లకి గెలుపు లేదని. ఇంక అమెరికా ఆటగాడు మార్ఫీ ‘ఒపెరా ఆట’ అంటారు, 1858 పారిస్, 17 ఎత్తులు. అవతల ఉన్నది బ్రన్స్‌విక్ డ్యూక్, ఇజ్వార్ కౌంట్, నాటకశాల బాక్సులో కూర్చుని ఇద్దరూ మాట్లాడుకుంటూ సరదాగా ఆడినవాళ్లు. వాళ్ల మీద ఎవరు బలి ఇచ్చినా పారుతుంది.

మన గుకేశ్‌నే తీసుకోండి. తెలుగింటి పిల్లాడు, చెన్నైలోనే పెరిగాడు. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేమ్ 58 ఎత్తుల దాకా లాగాడు, ఎవరైనా డ్రా అనుకునే ఆటలో ఒత్తిడి పెట్టి పెట్టి కూర్చుంటే 55వ ఎత్తులో ఎదురుగా ఉన్న ఛాంపియన్ డింగ్ ఏనుగు తప్పు గడికి వెళ్లింది. ప్రపంచ కిరీటం అలా వచ్చింది. పిల్లలకి చూపించాల్సింది ఆ ఓపిక.

అడయార్ గుర్రం:

బంటు గారూ, ‘అవతలివాడు బలహీనుడు’ అనే మాట అన్నిచోట్లా చెల్లదు. 1910, వియన్నా, టార్టకోవర్ మీద రేటీ ఆడిన ఆట చూడండి. టార్టకోవర్ మాస్టర్, డ్యూక్ కాదు. 11 ఎత్తుల్లో అయిపోయింది! నల్ల గుర్రం ఇ4లో ఉన్న తెల్ల గుర్రాన్ని తినేసింది, అంతా బాగానే ఉందనుకుంటాం. రేటీ మంత్రిని తీసుకెళ్లి రాజు పక్కనే డి8లో పెట్టాడు. రాజు కొట్టక తప్పదు. డి2లో ఉన్న బిషప్ జి5కి జరిగింది, దాని వెనకున్న ఏనుగు కూడా తెరుచుకుంది, ఒకేసారి రెండు చెక్‌లు. రెండు చెక్‌లంటే మధ్యలో ఏదీ అడ్డం పెట్టలేం, ఒకదాన్ని కొట్టినా రెండోది ఉంటుంది, రాజు కదలాల్సిందే. సి7కి పోతే బిషప్ డి8లో కట్టేస్తుంది, ఇ8కి పోతే ఏనుగు డి8లో కట్టేస్తుంది. ఇంజిన్‌ని అడిగినా ఇదే చెబుతుంది. దీన్ని పాత కథ అనగలరా?

పెరంబూర్ అక్క:

నేను ఇంట్లోనే ఏడెనిమిది మంది పిల్లలకి నేర్పుతాను, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి.

మీరంతా రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే తాడుతో కట్టేస్తున్నారు. రేటీ బలి లెక్క. ఇచ్చిన క్షణంలోనే తిరిగొచ్చేదంతా కనిపిస్తోంది. ఆండర్సన్ బలి తెగింపు. రెండూ బలే కానీ రెండో రకాన్ని ఇంజిన్ తూకంలో వేస్తే ఎప్పుడూ తక్కువే తూగుతుంది, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చూడలేడో ఇంజిన్‌కి పట్టదు.

ఇక ఒపెరా ఆటని ‘ఎవరైనా గెలుస్తారు’ అని తీసి పారేయడం నాకు అస్సలు నచ్చలేదు. 8వ ఎత్తు చూడండి. బి7 బంటు ఊరికే వస్తోంది. మా పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది లాగేసుకుంటారు. మార్ఫీకి అప్పుడు 21 ఏళ్లు, వదిలేశాడు, ఎందుకంటే కొడితే అవతలివాళ్లు బి4లో చెక్ పెట్టి మంత్రుల్ని మార్చేసుకుని ఊపిరి పీల్చుకుంటారు. ఆ బంటు జోలికి పోకుండా గుర్రాన్ని సి3కి తెచ్చాడు. అసలు ఆట అక్కడ గెలిచాడు. 16వ ఎత్తులో మంత్రిని బి8లో ఇవ్వడం అందరికీ గుర్తుంటుంది, నేను మాత్రం పిల్లల్ని ఆఖరి బోర్డు ముందు కూర్చోబెట్టి నల్ల ఎఫ్8 బిషప్‌ని, హెచ్8 ఏనుగుని వేలు పెట్టి చూపించమంటాను. రెండూ ఆట మొదలైన గడిలోంచి కదల్లేదు. 7వ ఎత్తులో సొంత మంత్రే ఇ7లో కూర్చుని ఆ బిషప్ దారి మూసేసింది. తెల్లకి చివర్లో మిగిలింది, రాజు, బంట్లు పోగా, ఒక ఏనుగు, ఒక బిషప్. ఆ రెండూ పనిచేశాయి, నల్లవి నిలబడి చూశాయి. బలి ఎప్పుడు ఇవ్వొచ్చో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకైతే దొరకలేదు.

తాంబరం బంటు:

అక్కా, బి7 సంగతి ఒప్పుకుంటున్నాను, నేను ఎప్పుడూ అక్కడ ఆగి చూడలేదు. కానీ ఆండర్సన్ విషయంలో నా మాట మీదే ఉంటాను. సరైన జవాబు ఉన్నప్పుడు దాన్ని ‘అమర’ ఆట అనడం మాత్రం ఎక్కువే. టోర్నమెంట్‌కి వెళ్లే పిల్లాడు అది చూసి రెండు ఏనుగులు పారేసి వస్తే రేటింగ్ పోయేది వాడికే. ఆ ఏడుపు మా ఇంట్లో చూశాను.

అడయార్ గుర్రం:

ఒక్క మాట. అది టోర్నమెంట్ ఆట కాదు, లండన్ టోర్నమెంట్‌కి వచ్చిన ఇద్దరు కాలక్షేపానికి ఆడుకున్నది. పైగా ఆ ఆటను జనంలోకి తెచ్చింది గెలిచినవాడు కాదు, ఓడిన కీసెరిట్స్కీ! తన పత్రికలో తనే అచ్చు వేశాడు, అదే ఏడాది. తను ఓడిన ఆటను నలుగురికీ చూపించాలనిపించిందంటే అందులో ఎంత అందం కనపడి ఉండాలి? ఎదురుగా కూర్చుని దెబ్బ తిన్నవాడి సాక్ష్యం కన్నా ఫోన్‌లో గీత నాకు ఎక్కువ కాదు. అసలు మన ఊళ్లో 1972లో మన పాత ఛాంపియన్ మాన్యుయెల్ ఆరన్ పెట్టిన చెస్ క్లబ్‌కి ఎవరి పేరు ఉందో గుర్తుందా? బలులకి పేరుపడ్డ ప్రపంచ ఛాంపియన్ తాల్ పేరు! ఆయన బలులు లెక్కకి నిలబడవని ఆయన బతికుండగానే ఎంతమంది సణిగారో. ఆనంద్ చిన్నప్పుడు ఆడుకున్నది ఆ క్లబ్‌లోనే.

వేళచ్చేరి నాన్న:

కీసెరిట్స్కీ అచ్చు వేసిన సంగతి నాకు తెలియదండీ, చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి భోజనాలయ్యాక అది మా వాడికి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బోర్డు తెచ్చి 18వ ఎత్తు దాకా వాడే పేర్చి, ఏనుగును కొట్టి, మంత్రిని బి2లో పెట్టి, ‘‘ఇప్పుడు నువ్వు ఆండర్సన్, ఫోన్ చూడకూడదు’’ అన్నాడు. పదకొండున్నర దాకా కూర్చున్నాం. తెల్ల రాజు ఇ2లో ఉన్నాడు, దాడి ఇంకా ఉంది, కానీ ఎటు నుంచో దొరకట్లేదు. బోర్డు హాల్లో అలాగే ఉంది, పనమ్మాయి కదపకుండా వాడు పక్కన తమిళంలో చీటీ రాసి పెట్టాడు. ఇప్పుడు నా వంతు.