స్మర్క్ అనే నవ్వుని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ఒక ఇంగ్లీషు కథని తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. అన్నదమ్ములు గట్టిగా వాదించుకుంటారు, చివరికి తమ్ముడు చెప్పిందే నిజమని తేలుతుంది, అప్పుడు వాడు నోరెత్తకుండా అన్న వైపు చూసి స్మర్క్ చేస్తాడు. "చిరునవ్వు నవ్వాడు" అంటే ప్రేమగా ఉంది. "వెకిలిగా నవ్వాడు" అంటే పిల్లాడు చెడ్డవాడైపోతున్నాడు. ముసిముసి నవ్వులో సిగ్గు ఉంది. సరైన మాట ఏదైనా ఉందా?

జవాబు 1:
వంకర నవ్వు అనండి, సరిపోతుంది. స్మర్క్‌లో పెదవి తరచుగా ఒక పక్కకే లేస్తుంది కదా.

జవాబు 2:
వంకర నవ్వు వద్దండి, అందులో కుట్ర వినిపిస్తుంది. ఎకసెక్కపు నవ్వు కూడా కుదరదు, అది ఎదుటివాణ్ని తక్కువ చేసే నవ్వు, ఇంగ్లీషులో స్నీర్‌కి దగ్గర. స్మర్క్‌లో ముందు ఉండేది తన మీద తనకున్న తృప్తి, "నేను ముందే చెప్పానుగా" అన్న ధీమా. ముసిముసి నవ్వుని మనం నిజంగానే దాచుకోవాలనుకుంటాం, దీన్ని మాత్రం దాచినట్టే ఉంటూ అవతలివాడి కంట పడాలని నవ్వుతాం, అందుకే ఒళ్లు మండుతుంది! గెలిచి చంకలు గుద్దుకునేవాడిని భరించొచ్చు గానీ ఇలా నవ్వేవాడిని భరించలేం.

జవాబు 3:
ఒక జాగ్రత్త. పాత ఇంగ్లీషులో ఈ మాటకి మూలమైన క్రియకి ఉత్త నవ్వడం అనే అర్థం, చెడ్డ వాసన తర్వాత అంటుకుంది. చాట్‌లో మళ్లీ మారింది: 2010లో యూనికోడ్‌లో చేరిన ఆ ఓరచూపు ఎమోజీ పేరు స్మర్కింగ్ ఫేస్, కానీ చాలామంది దాన్ని సరసానికి వాడతారు. నాట్యశాస్త్రంలో స్మితం నుంచి అతిహసితం దాకా ఆరు నవ్వులు చెప్పారు గానీ, ఆ లెక్క ముఖ్యంగా నవ్వు ఎంత పెద్దదన్న దాన్ని బట్టి సాగుతుంది, మీకు కావలసింది నవ్వు వెనక ఉద్దేశం. ఒక్క మాటలో ఇరికించకండి, ఆ తమ్ముడి మనసులో మాటని నవ్వుకి తగిలించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఇలా మార్చాను: "వాడు ఏమీ అనలేదు. ఇప్పుడేమంటావ్ అన్నట్టు అన్న వైపు చూసి పెదవి చివర నవ్వాడు."

జవాబు 2:
బాగుంది. "ఏమీ అనలేదు" కూడా తీసేయండి, నవ్వులోనే తెలుస్తోంది.